బాలపత్రికలలోని బొమ్మల ప్రకటనలు: స్మృతివిచారము

బాల్యమునఁ బత్రికలయందును జిత్రకథాపుస్తకములయందును జూచిన వింతబొమ్మల ప్రకటనలను దలఁచుకొని వగచుట యిటీవలి స్మృతివ్యాసములలో నొక యాచారమైనది. ఇట్టి వ్యాసములు తఱచుగా నొకటే సిద్ధాంతము చేయును: నాఁటి బొమ్మలు గొప్పవి, నేఁటివి కొఱగానివి. ఈ సిద్ధాంతము పరీక్షకు నిలుచునది కాదు. పూర్వానుభవమువలనఁ గలిగిన సంస్కారమునుండి స్మృతి పుట్టునని తార్కికుల మతము. బొమ్మను జేతఁ బట్టనివానికి బొమ్మయొక్క స్మృతి యెట్లు కలుగును? కలిగినదన్నచో నది నిజముగా దేని స్మృతి? ఇదియే యిచట విచార్యము.

ఈ ప్రశ్నకుఁ గామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతము మంచి యుదాహరణము. 1947 జూలైలో మద్రాసునుండి 'చందమామ' వెలువడునప్పటికి నీ రెండూళ్ళును నిజాము రాజ్యములోనివి. ఆ రాజ్యమునకుఁ దపాలా వేఱు, నాణెము వేఱు. ఆఱు కలదారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు సరి. కావున మద్రాసులో నాఱణాలని యచ్చుపడిన వెల యిచటి బాలునికి నేడణాలు. 1950లో నిజాము తపాలా భారతప్రభుత్వపుఁ దపాలాలోఁ గలియఁగా నొక యడ్డు తొలఁగినది. దూరము మాత్రము తొలఁగలేదు. కామారెడ్డి సికింద్రాబాదు మన్మాడు రైలుదారిపై నున్నది. యెల్లారెడ్డికి రైలు లేదు. కథ చదువుటకుఁ బత్రిక యొక్కటి వచ్చినఁ జాలును. అది పది చేతులు మాఱును. బొమ్మ యట్లు కాదు. ఇంటిలోనే సినిమా చూపునట్టి చిన్నయంత్రము కావలెనన్నచో మనియార్డరు పంపవలెను, లేదా వి.పి.పి. కట్ట వచ్చినపుడు తపాలావాని చేత రొక్కము పెట్టవలెను. రొక్కము పెద్దలచేతిలోనిది. కావునఁ బెక్కండ్రు బాలురకుఁ బ్రకటన చేరినది, బొమ్మ చేరలేదు.

ఒకే సంచికలోఁ గథయుఁ బ్రకటనయుఁ బ్రక్కప్రక్కనే యుండును. వానిలోని క్రియలను జూచినచో భేదము తెలియును. కథలోని క్రియ భూతకాలము, ప్రథమపురుషము: 'ఉండెను', 'పోయెను'. దాని ఫలము వినుటతోడనే తీరును. ప్రకటనలోని క్రియ విధి, మధ్యమపురుషము: 'పంపుఁడు', 'పొందుఁడు'. అది చదువరిని నేరుగాఁ బిలిచి పనికిఁ బురికొల్పును. దానికిఁ దోడుగా వస్తువును బొగడు నర్థవాద ముండును. విధి యున్నచోట నధికారి యెవఁడని మీమాంసకుఁ డడుగును. ధనము లేనివాఁడును దానిని సంపాదించి కర్మము చేయవచ్చును గావున నధికారియే యని జైమినీయ సిద్ధాంతము. పదేండ్ల బాలుఁడు సంపాదనకై పదేండ్లైన నాఁగవలెను. అతఁడు సంపాదించునాఁటికి నా వస్తువు లేదు, ఆ యంగడి లేదు. 'చందమామ' సైతము నేఁడు వెలువడుట లేదు. నెఱవేర్పఁబడని విధి యొకటి మనసున నట్లే నిలిచినది. దానిని మోసికొని తిరుగువాఁడు బొమ్మను బోఁగొట్టుకొన్నవాఁడు కాఁడు. తన్నుఁ బిలిచిన పిలుపునకు బదులు పలుకలేకపోయినవాఁడు.

అమెరికా చిత్రకథాపుస్తకములలోని ప్రసిద్ధమైన ప్రకటన యొకటి దీనిని మఱింత స్పష్టము చేయును. హెరాల్డు వాన్ బ్రాన్‌హట్ అను వర్తకుఁ డొక జలజంతువును 1962లో 'సీ మంకీస్', అనఁగా సముద్రపుఁ గోఁతులను పేరుతో నమ్మఁజొచ్చెను. ప్రకటనలోని చిత్రమునఁ గిరీటములవంటి తలలుగల మనుష్యాకారపుఁ గుటుంబము కానవచ్చును. పొట్లములో నున్నవి యుప్పునీటి చిఱురొయ్యల గ్రుడ్లు. నీటఁ బోయఁగాఁ బ్రాణులు వెలువడుట నిజమే. కిరీటము మాత్రము రాదు. శబ్దము ననుసరించి పుట్టి, వస్తువు లేకయే నిలుచు జ్ఞానమును యోగశాస్త్రము వికల్పమనినది. కొని చూచిన బాలునికి నా వికల్పము గాజుపాత్రలోనే చెడినది. కొనలేనివానికిఁ జెడక నిలిచినది. ప్రకటనను బరిపూర్ణముగా ననుభవించినవాఁడు లేమి గలవాఁడే యనుట వింతగాఁ దోఁచినను యుక్తము.

బొమ్మలు నిజముగాఁ జేరినవారును గలరుగదా యని యాక్షేపింపవచ్చును. కలరు. బినాకా టూత్‌పేస్టు పెట్టెలలోఁ జిన్న ప్లాస్టిక్కు జంతువులు వచ్చుచుండెడివి. జాతరలలో బూరలును దిరుగుడుబొమ్మలును జేతికే దొరకును. వానితో నాడినవారి మాటలు వేఱు: రంగు, బరువు, విఱిగిన కాలు, మిత్రునితోఁ జేసికొన్న మార్పిడి. జాతరబూరకు విశేషణ మక్కఱలేదు; ఊఁదినచో మ్రోఁగును. వస్తువు ననుభవించినవాఁడు వస్తుధర్మములను జెప్పును. ప్రకటన మాత్రమే చదివినవాఁడు ప్రకటనలోని 'అద్భుతము', 'విచిత్రము' అను విశేషణములనే మరలఁ జెప్పును. స్మృతివ్యాసములను బరీక్షించుట కిదియే సాధనము. విశేషణములు మిగిలి ధర్మములు లేనిచో నా వ్యాసము బొమ్మనుగూర్చినది కాదు, వాక్యమునుగూర్చినది.

ఇట్లగుటచే నా వ్యాసములు నింద్యములని కాదు. దోషము శబ్దమునకుఁ జెందవలసిన గౌరవమును వస్తువునకుఁ గట్టుటయందున్నది. వ్యాసకర్త 'నాఁటి బొమ్మలు గొప్పవి' యనుటకు బదులు 'నాఁటి వాక్యము నన్నుఁ బిలిచినది, నాకు రొక్కము లేదు' అన్నచో సత్యము చెప్పినవాఁ డగును. బాల్యపు లేమికిని జరిత్రలోఁ జోటు దొరకును.

దీనికి సాక్ష్యము పత్రికలలోనే యున్నది. పాతసంచికలను సంపుటములుగాఁ గుట్టించునపుడు కథలను నిలిపి ప్రకటనల పుటలను దీసివేయుట కలదు. పాఠశాలా గ్రంథాలయములందైనను నీ పద్ధతి మానఁదగినది. కథలను మఱల ముద్రింపవచ్చును, ముద్రించిరి కూడ. ప్రకటనను మరల నచ్చొత్తువాఁ డుండఁడు. ఆ పుట పోయినచోఁ గామారెడ్డిలోనో యెల్లారెడ్డిలోనో యొక బాలుఁ డేమి కోరెనో, యే వెలకుఁ గోరెనో, యెందులకుఁ బొందలేకపోయెనో తెలిసికొనుటకు దారి లేదు.