నాలుగు గంటలు ఎవరు వింటారు?

‘రైలుబడి’ గురించి మాట్లాడే ఉపాధ్యాయులంతా హెడ్‌మాస్టరు కొబయాషి దగ్గరే ఆగిపోతారు. చాలా ఏళ్లు నేనూ అక్కడే ఆగాను. ట్రైనింగ్ అయిపోయి ఏజెన్సీ బడిలో చేరిన కొత్తలో అది చదివి, నేనూ అలాంటి మాస్టారిని కావాలనుకున్నాను. ఈమధ్య మళ్లీ చదివినప్పుడు మాత్రం అందులోని అమ్మ కోసం చదివాను.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి సంగతులను 1981లో పుస్తకంగా తెచ్చారు. ఒకటో తరగతిలోనే బడివాళ్లు వద్దని పంపేసిన పిల్ల టోటోచాన్. ఆ మాట పిల్లకు తెలియనివ్వకుండా అమ్మ ఇంకో బడి వెతికి తీసుకెళ్తుంది. కొబయాషి అమ్మను ఇంటికి పంపేసి, పిల్ల చెప్పేదంతా నాలుగు గంటలు కూర్చుని వింటాడు. బడిలో చేర్పించడం మీద ఇంతకన్నా మంచి ఘట్టం నేను చదవలేదు. కానీ పుస్తకం పిల్ల వైపు నుంచి రాసింది. ఆ బడిలో అమ్మ ఏం చూసింది, ఏం అడిగింది, ఏ నమ్మకంతో పిల్లను వదిలి ఇంటికి వెళ్లింది అన్నది కొద్దిగానే తెలుస్తుంది. బిడ్డను ఎక్కడ వేయాలా అని తిరిగే తల్లిదండ్రులకు అదే కావాలి.

పుస్తకం చెప్పని మాట ఇంకొకటుంది. చెప్పాల్సిన అవసరం దానికి రాలేదు. ఆ పిల్లదీ ఆ మాస్టారిదీ ఒకే భాష. మా కోయ పిల్లను ఎంత దయగల మాస్టారి ముందు కూర్చోబెట్టినా, ఆయనకు కోయ రాకపోతే నాలుగు నిమిషాలు కూడా మాట్లాడదు.

మా గూడెంలో మూడేళ్లు నిండిన పిల్లకు ఉన్నవి రెండు దారులు. ఊళ్లో అంగన్‌వాడీ, మండల కేంద్రంలో ఎల్‌కేజీ. మావాళ్లు వ్యాన్ చూసి, టై చూసి, చుట్టాల ముందు పిల్ల చెప్పే ఇంగ్లీషు రైమ్ చూసి మోసపోతున్నారని వ్యాసాలు రాసేవాళ్లున్నారు. మీటింగుల్లో నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. ఒకసారి మా వరస తమ్ముడు అడ్డం తగిలాడు. “అంగన్‌వాడీలో గుడ్డు పెడతారన్నా, చదువు చెప్పరు. నీ బిడ్డను ఎందుకు వేయలేదు మరి?” అన్నాడు. వాడు చూసిందే చెప్పాడు. బరువులు తూచడం, టీకాల రోజు, గర్భిణుల భోజనం, రిజిస్టర్లు, ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలు అన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో కదా పిల్లలకు ఆటా పాటా! సర్కారు ఆ కేంద్రాన్ని ఎలా నడిపిస్తుందో తండ్రి దాన్ని అలాగే అంచనా కట్టాడు. ఇందులో మోజు ఏముంది?

నా బిడ్డను ఎల్‌కేజీలో వేసిన మాట నిజమే. టీచరుని కదా, బాగానే పరీక్షించాను. మరుగుదొడ్లు చూశాను, గదికి ఎంతమంది పిల్లలో లెక్కపెట్టాను, వ్యాన్ డ్రైవరుతో మాట్లాడాను. బిడ్డ దాహమంటే ఎవరికి అర్థమవుతుందో అడగలేదు. కోయలో నీళ్లను ఏరు అంటాం. కొన్నాళ్లకు మిస్సు నవ్వుతూ, “పాప మొదట్లో రోజూ ఏరు ఏరు అనేది సార్, మీ ఇల్లు ఏటి పక్కనా?” అంది. ఆమె వెటకారం చేయలేదు, ముచ్చటగానే అంది. అప్పటికే పాప అడగడం మానేసింది. ఏడాది చివర ప్రోగ్రెస్ కార్డులో నెమ్మదైన పిల్ల, క్రమశిక్షణ బాగుంది అని వచ్చింది. సంతకం పెట్టి ఇచ్చాను.

తర్వాత ఒక సెలవు రోజు, పొద్దున్నే మా గూడెం అంగన్‌వాడీలో ఊరికే కూర్చున్నాను. టీచరు మైదానం నుంచి వచ్చిన ఆమె. మంచిదే, కోయ రాదు. ఆయా మా గూడెం మనిషి. ఆమె గుడ్లు ఒలుస్తుంటే చుట్టూ చేరిన పిల్లలు కోయలో ఒకటే ముచ్చట్లు. ఒకడు తమ పంది ఎన్ని పిల్లల్ని పెట్టిందో వేళ్ల మీద చెబుతున్నాడు. తప్పొస్తే ఆమె “మళ్లీ చెప్పు” అంటోంది. వాడు మొదటి నుంచి ఎత్తుకుంటున్నాడు. టీచరు వచ్చి చార్టు తగిలించగానే అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. చదువు మొదలైందని వాళ్లకు తెలుసు. కొబయాషి పని మా గూడెంలో చేస్తున్నది ఆ ఆయానే. వంట చేసే మనిషిగానే ఆమెకు జీతం. మావాళ్లు కూడా బడిని తూచేటప్పుడు ఆమెను లెక్కలోకి తీసుకోరు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. మంచి పనే. అయితే అవి ఒకటో తరగతి నుంచి. నోరు కట్టుకోవడం పిల్ల మూడేళ్లకే నేర్చేసుకుంటోంది. 2020 విద్యావిధానం చిన్నపిల్లలకు ఇంటిభాషే మేలంటుంది. ఆ కాగితం ఆయా దాకా రాలేదు.

మొన్న జూన్‌లో అదే తమ్ముడు చిన్నోణ్ణి ఎక్కడ వేయమంటావని అడిగాడు. రెండు చోట్లా ఒక పూట కూర్చుని, వాడు ఎన్నిసార్లు నోరు తెరిచాడో లెక్కపెట్టుకో అన్నాను.

“ఎవరితో అన్నా? టీచరుతోనా, ఆయాతోనా?” అన్నాడు.

రెండూ విడివిడిగా లెక్కపెట్టమన్నాను.