రొమ్ము కాన్సరు – కిరణ చికిత్స: దూరము విధించిన నిర్ణయములు

కృష్ణా మండలములో కిరణ చికిత్సను "కరెంటు పెట్టడం" అనుట వాడుక. ఈ పేరులోనే పొరపాటున్నది. రోగి శరీరములోనికి విద్యుత్తు ప్రవేశింపదు. లీనియర్ ఆక్సిలరేటర్ అను యంత్రములో ఎలక్ట్రానులు మహావేగముతో పోయి టంగ్‌స్టన్ లోహమును తాకగా ఎక్స్ కిరణములు పుట్టును. అవి కాన్సరు కణముల డి.ఎన్.ఏ.ను దెబ్బతీయును. కిరణములు సోకునపుడు నొప్పి తెలియదు. ఈ యంత్రముతో చికిత్స పొంది ఇంటికి వచ్చిన తల్లిని తాకుటకు బిడ్డలు భయపడనక్కరలేదు.

ఈ చికిత్స ఫలమెంత? అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందము జరిపిన పరిశోధనకు 20 సంవత్సరముల ఫలితములు 2002లో వెలువడినవి. గడ్డను మాత్రము తీసి కిరణములిచ్చిన స్త్రీలు, రొమ్మును పూర్తిగా తీసివేసిన వారితో సమానముగా జీవించిరి. కిరణములు లేక గడ్డను మాత్రమే తీసిన వారిలో 39.2 శాతమునకు అదే రొమ్ములో వ్యాధి తిరుగబెట్టెను. కిరణములు పొందిన వారిలో 14.3 శాతమునకే తిరుగబెట్టెను.

అనగా రొమ్మును నిలుపుకొనవలెనన్నచో సాధారణముగా కిరణ చికిత్స తప్పదు. యంత్రము దూరమైనచో "మొత్తము తీసివేయండి, తిరుగలేము" అని రోగియే అనవలసి వచ్చును. అట్టి నిర్ణయము వ్యాధి చేసినది కాదు, దూరము చేసినది. పైగా గడ్డ పెద్దదైనను, చంకలోని గ్రంథులకు వ్యాధి ప్రాకినను, రొమ్ము తీసిన తరువాత కూడ కిరణములు కావలసి రావచ్చును.

ఒక లెక్క చూడుడు. మచిలీపట్నము నుండి విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు. పాత పద్ధతిలో 50 గ్రేల మోతాదును 25 దినములు, అనగా 5 వారములు ఇచ్చెదరు. రోజూ వెళ్లి వచ్చు స్త్రీ 3,500 కిలోమీటర్లు తిరుగవలెను. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకము చికిత్స ఖర్చును భరించినను, ఆమె కూలి, తోడు వచ్చువారి కూలి పోవుట తప్పదు.

బ్రిటనులో 40 గ్రేలను 15 దినములలో ఇచ్చి చూచిరి. వ్యాధి తిరుగబెట్టుట పెరుగలేదని, ఆరోగ్యకణములకు హాని తగ్గినదని 2013లో ప్రకటించిన పదేండ్ల ఫలితములు తెలిపినవి. 2020లో 26 గ్రేలను 5 దినములలోనే ఇచ్చు పద్ధతి, అయిదేండ్ల ఫలితములలో దీనికి తీసిపోలేదు. ప్రయాణము 2,100కు, తుదకు 700 కిలోమీటర్లకు తగ్గును! ఇవి అందరికిని చెల్లవు. ఎవరికేది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. కాని తగినవారికి కూడ పాత పట్టికనే పాటించుట సమర్థనీయము కాదు.

పట్టణములో ఎన్ని యంత్రములున్నవని లెక్కించి తృప్తి పడుట చాలదు. దివిసీమ నుండియు, కొల్లేటి గ్రామముల నుండియు వచ్చిన వారిలో ఎందరు చికిత్సను ప్రారంభించిరి, ఎందరు ముగించిరి అనునదే సరియైన కొలత.