శిబి త్రాసు – దాత మృదులాస్థి: ఒక పునఃపరిశీలన

అవయవదాన ప్రసంగాలలో శిబిని ఉదాహరించడం పరిపాటి. రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన అరణ్యపర్వ కథలో శిబి బ్రతికుండగానే తన మాంసం కోసి త్రాసులో వేస్తాడు. తూకం చాలక తానే త్రాసెక్కుతాడు. మోకాలి మృదులాస్థి మార్పిడికి ఈ పోలిక పొసగదు. రక్తనాళాలు లేని మృదులాస్థి దెబ్బతింటే తనంత తానుగా సరిగా మానదు. అందువల్ల మరణించిన దాత మోకాలి నుండి, అడుగు ఎముకతో సహా, పరిమాణమూ వంపూ సరిపోయే ముక్కను తెచ్చి అమరుస్తారు. ఇక్కడ దాతకు నొప్పి లేదు. నిర్ణయభారం దుఃఖంలో ఉన్న కుటుంబానిది. దేహం విడిచి ఎముకలిచ్చిన దధీచియే దీనికి దగ్గరివాడు. అయితే అతని సమ్మతి అతడే తెలిపాడు. ఇక్కడ చాలాసార్లు ఇంటివారు తెలపాలి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం 2011 సవరణతో కణజాలాన్నీ తన పరిధిలోకి తెచ్చుకొంది. దాన ప్రచార సాహిత్యం కూడా త్యాగవీరుని కీర్తనతో ఆగక, ఆ ఇంటివారి సందిగ్ధాన్ని వస్తువుగా స్వీకరించాలి.