‘కాలేజీకని వెళ్ళి…’ తర్వాతి కథ ఎవరిది?

గోదావరి జిల్లాల్లో రోజూ పేపరు చూసేవాళ్ళకి ఈ వాక్యం కంఠతా వచ్చే ఉంటుంది: ‘కాలేజీకని వెళ్ళిన విద్యార్థిని ఇంటికి తిరిగి రాలేదు.’ జిల్లా ఎడిషన్లో ఓ మూల రెండంగుళాల వార్త. ఫోటో, వయసు, తండ్రి పేరు, వేసుకున్న డ్రెస్సు రంగు. చివర ఒక తోక: ‘ప్రేమ వ్యవహారమే కారణమని భావిస్తున్నారు.’ ఎవరు భావిస్తున్నారు? ఆ క్రియకి కర్త ఉండడు.

ఆ కనపడని కర్తల్లో నేనూ ఒకదాన్ని. రాజమండ్రిలో పాఠాలు చెప్పే రోజుల్లో మా సెకండియర్ అమ్మాయి ఒకతె వారం రోజులు క్లాసుకి రాలేదు. “ఎవడితోనో పోయుంటుంది” అంది స్టాఫ్‌రూములో ఒకావిడ. నేను కాదనలేదు. నవ్వాను కూడా. మేనమామతో కుదిర్చిన పెళ్ళి ఇష్టంలేక, కోనసీమలో అమ్మమ్మ చెల్లెలి ఇంట్లో తలదాచుకుందని తర్వాత తెలిసింది. ఈలోగా పేపర్లో ఫోటో, దాని కింద తోక రెండూ వచ్చేశాయి. ఆ అమ్మాయి మళ్ళీ కాలేజీకి వచ్చింది టీసీ తీసుకోడానికే. “నేనెవరితోనూ వెళ్ళలేదు మేడం” అంది తలొంచుకుని. వెళ్తే మాత్రం తలెందుకు దించుకోవాలి అనే మాట ఆ రోజు నా నోటికి రాలేదు.

ఇది గుర్తుకు రావడానికి కారణం 2024 నాటి ఒక వార్త. ఆ జూన్‌లో భీమవరం నుంచి ఒక తల్లి, కొత్తగా ఉపముఖ్యమంత్రి అయిన పవన్ కల్యాణ్ దగ్గరికి వచ్చింది. విజయవాడలో చదువుకుంటున్న కూతురు తొమ్మిది నెలలుగా కనపడడం లేదని, పోలీసులు పట్టించుకోవడం లేదని చెప్పుకుంది. ఆయన అక్కడినుంచే పోలీసు అధికారికి ఫోన్ చేశారు. జులై మొదట్లో ఆ అమ్మాయి జమ్మూలో ఒక యువకుడితో ఉన్నట్టు కనిపెట్టి తీసుకొచ్చారు. టీవీల్లో కథ ఒక్క ఫోన్ కాల్ చుట్టూ తిరిగింది. తొమ్మిది నెలల్లో కానిది కొద్ది రోజుల్లో అయిందన్నారు. అది నిజమే, ఆ తల్లికి జరిగిన మేలు కూడా నిజమే. కానీ అడగవలసిన ప్రశ్న దాంట్లోనే ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు వెతకలేదు? మంత్రి దాకా వెళ్ళలేని తల్లుల ఫిర్యాదులు ఏ బీరువాలో ఉన్నాయి? ప్రశ్న కావలసింది ప్రశంస అయి కూర్చుంది.

ఈ కథకి ముందు భాగం ఏలూరులో జరిగింది. 2023 జులై 9న అక్కడి సభలో రాష్ట్రంలో ముప్ఫై వేలమంది ఆడవాళ్ళు కనపడకుండా పోయారని, అందులో వాలంటీర్ల పాత్ర ఉందని ఆయన ఆరోపించారు. మహిళా కమిషన్ ఆధారాలు చూపమని నోటీసిచ్చింది. ఆ నెలలోనే కేంద్రం పార్లమెంటుకి లెక్క చెప్పింది. 2019 నుంచి 2021 వరకు ఆంధ్రప్రదేశ్‌లో అదృశ్యమైనట్టు నమోదైన బాలికలు 7,918, స్త్రీలు 22,278. మొత్తం 30,196. ఇవి ఫిర్యాదుల లెక్కలు. తర్వాత ఇల్లు చేరినవాళ్ళూ ఇందులో ఉంటారు. వాలంటీర్ల గురించి ఈ అంకె ఏమీ చెప్పదు. పత్రిక పేరు వింటే పార్టీ గుర్తొచ్చే రాష్ట్రం మనది. ఆ అంకె ఒకరికి ఆయుధమైంది, మరొకరికి అబద్ధమైంది. ఆ ముప్ఫై వేలమంది ఎందుకు ఇల్లు దాటారన్నది మాత్రం ఎవరికీ వార్త కాలేదు.

తోక వార్తలు ఉత్త మాటలేగా అనుకోడానికి లేదు. 2019లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో ఒక స్కూలు పిల్ల హత్యపై దర్యాప్తు చేస్తుంటే పాడుబావుల్లో మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. వాళ్ళలో ఒకమ్మాయి డిగ్రీ విద్యార్థిని. ఎవరితోనో వెళ్ళిపోయిందనుకుని, పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు ఫిర్యాదే ఇవ్వలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. అదే ఏడాది నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు కనపడనప్పుడు, మా పరిధి కాదంటూ కుటుంబాన్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పారు. వెళ్ళిపోయిందేమో అన్న అనుమానం అక్కడా వినపడిందని ఆ కుటుంబమే చెప్పింది. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పేపర్లు ఏళ్ళతరబడి నేర్పిన వాక్యమే ఇంట్లో సిగ్గుగా, స్టేషన్లో సాకుగా మారుతుంది.

అలాగని ప్రతి అదృశ్యాన్నీ కిడ్నాపుగా రాయమని కాదు. అందులో ఇంకో ప్రమాదం ఉంది. మేజరైన ఆడపిల్ల తన ఇష్టంతో గడప దాటితే, ‘మాయమాటలు చెప్పి తీసుకెళ్ళాడు’ అని రాయడం ఆమెకి సొంత బుద్ధి లేదనడమే. కేరళ హాదియా కేసులో 2018లో సుప్రీంకోర్టు, వయసొచ్చిన స్త్రీ ఎవర్ని చేసుకోవాలన్నది ఆమె నిర్ణయమేనని చెప్పాల్సి వచ్చింది. లేచిపోయింది, ఎత్తుకుపోయారు. మన విలేకరులకున్నవి ఈ రెండు మాటలే. మొదటిదాంట్లో ఆమె చెడ్డది, రెండోదాంట్లో ఆమె వస్తువు. భయపడి వెళ్ళింది, చదువుకోడానికి వెళ్ళింది, దెబ్బలు తాళలేక వెళ్ళింది అనే మాటలకి ఆ రెండంగుళాల్లో చోటుండదు.

2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషన్ మా రాజమండ్రిలోనే తెరిచారు. దిశ బిల్లు మాత్రం రాష్ట్రపతి ఆమోదం దొరక్క చట్టం కాలేదు. స్టేషన్లు రానీ, చట్టాలు రానీ, వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చేది మన మనసులోని ఆ తోకే. వెతుకులాటకి ఆమె నడతతో పని లేదు, ఫిర్యాదు అందిన గంటతోనే పని. ఫోటో వెతకడానికి కావాలి, నిజమే. మనిషి దొరికిన నాటితో దాని పని తీరిపోవాలి. ఆ తర్వాత ఆమె చెప్పదలుచుకుంటే రాయాలి, లేదంటే ఊరుకోవాలి.

మా అమ్మాయి ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు. ఎక్కడో ఒకచోట బతుకుతూ ఉంటుంది. తన గురించి పేపర్లో వచ్చిన ఒకే ఒక్క వాక్యం, తను అనని వాక్యం. ఆ రోజు స్టాఫ్‌రూములో నేను నవ్వకుండా, “ఆ పిల్ల ఇంటికి ఒకసారి వెళ్ళొద్దాం పదండి” అని ఉంటే?