శోకమునకు సంఖ్య: ఎడ్గార్ ఎలన్ పో, విశ్వనాథ సత్యనారాయణ

మరణించిన ప్రియురాలిని గూర్చిన కావ్యమును చేతికి తీసికొనగనే విమర్శకులు సాధారణముగా వేయు ప్రశ్న యొకటి కలదు: ఈ దుఃఖము కవి యనుభవించినదా, కల్పించినదా? అనుభవించినదైనచో కావ్యము సత్యము, కల్పించినదైనచో కృతకము అని వారి తీర్పు. ఈ కొలమానము ఎంతవఱకు నిలుచునో ఇద్దఱు కవుల కృతులను ఆధారము చేసికొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో 1809లో బోస్టన్ నగరమున జన్మించెను. మూడేండ్లు నిండక మునుపే తల్లిని కోల్పోయెను. 1836లో వర్జీనియా క్లెమ్‌ను వివాహమాడెను. ఆమె 1842లో రోగపీడితురాలై 1847లో క్షయవ్యాధితో మరణించెను. 1849లో, నలువదేండ్ల ప్రాయమున, పో బాల్టిమోరులో కన్ను మూసెను. ఇట్టి జీవితమును చూచినవారికి ఆయన విషాదకవిత యంతయు ఆత్మకథగా తోచుట సహజమే. కాని గతించిన ప్రేయసికై నాయకుడు విలపించు ‘రేవెన్’ (మాలకాకి) గీతము 1845 జనవరిలోనే ప్రకటితమైనది. అప్పటికి వర్జీనియా జీవించియే యున్నది.

1846లో ప్రకటించిన యొక వ్యాసమున పో ఆ గీతము యొక్క నిర్మాణక్రమమును వివరించెను. ముందుగా సుమారు నూఱు పాదముల పరిమాణమును నిర్ణయించుకొంటిననియు, తుదకు అది నూట యెనిమిదైనదనియు చెప్పెను. మాట మాఱక, సందర్భమును బట్టి అర్థము మాఱునట్టి పల్లవిని ఎన్నుకొంటిననియు, పరాకాష్ఠయైన చరణమునే మొదట వ్రాసితిననియు తెలిపెను. ఇంత లెక్కలో దుఃఖమునకు చోటెక్కడిదని పలువురు శంకించిరి. ఆ వ్యాసమును పరిహాసముగా భావించినవారును కలరు.

కృష్ణాతీరపు పాఠకునికి ఈ మాటలు అంత వింతగా తోపవు. నూట యెనిమిది మన శతకకర్తలకు సుపరిచితమైన సంఖ్య. ఇది యాదృచ్ఛికమే గాని ప్రభావము కాదు. దివిసీమలోని పెదప్రోలు వాసి కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున ఒకే మకుటము ప్రతి సీసము తుదను వచ్చుచు, పైనున్న నిష్ఠురమును బట్టి ఒకచోట నిందగను, మఱియొకచోట స్తుతిగను ధ్వనించును. ఇక తుదిపాదమును ముందుంచుకొని పద్యమును దాని వైపునకు నడిపించుట సమస్యాపూరణమే గదా! ఆ విద్యలో ఆఱితేఱిన అవధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో బోధించిరి. ఆయన శిష్యుడే విశ్వనాథ సత్యనారాయణ (1895–1976), కృష్ణామండలమందలి నందమూరు వాస్తవ్యుడు.

విశ్వనాథ కృతులలోను పో జీవితమునందలి క్రమమే కానవచ్చును. అత్త కాఠిన్యమునకు తాళలేని కోడలు అడవిలో వాగై ప్రవహించుట, భర్త శిలయై నిలిచిపోవుట ‘కిన్నెరసాని పాటల’ ఇతివృత్తము. ఈ వియోగము పత్నీమరణమునకు పూర్వమే కల్పితమైనది. ప్రథమకళత్రమైన వరలక్ష్మమ్మ గతించిన పిదప వచ్చినది ‘వరలక్ష్మీ త్రిశతి’. కల్పించిన శోకము ముందు, అనుభవించినది తరువాత. అంతమాత్రమున మొదటిదానిని కృతకమన్నచో కిన్నెరను మన సాహిత్యము నుండి వెడలగొట్టవలసి వచ్చును.

అయినను ఇద్దఱికిని భేదము కలదు. పో మరణానంతరము ప్రకటితమైన ‘ఎనబెల్ లీ’ గీతమున ప్రియురాలికి కల్పితనామము. ఆమె యుండినది ఊరు పేరు లేని సముద్రతీర రాజ్యము. వర్జీనియాయే ఆమె యని పలువురు తలచుచున్నను, ఆ పేరు గీతమున లేదు. విశ్వనాథ ఇల్లాలి పేరునే శీర్షికయందు నిలిపి, దాని ప్రక్కన సంఖ్యను చేర్చెను. ‘త్రిశతి’ యనగనే లలితా త్రిశతియు, ‘వరలక్ష్మి’ యనగనే శ్రావణ శుక్రవారపు వ్రతమును పాఠకుని మదిలో మెదలును. విలాపమునకు స్తోత్రము పేరు పెట్టుటలో గృహిణి దేవతాస్థానము నందినది. పో దూరము చేసి కాపాడుకొనిన దానిని విశ్వనాథ పేరు పెట్టి పూజించెను.

దీర్ఘకావ్యము వస్తుతః లఘుకవితల పరంపరయే యని పో వాదము. మూడువందల పద్యముల శోకము విసుగు పుట్టింపదా యను శంకకు ఆ వాదమే కొంత సమాధానము. ముక్తకరచనయందు ప్రతి పద్యమును స్వయంపూర్ణము. పునరుక్తి భయము లేదనరాదు. కాని దుఃఖస్వభావమే మరల మరల వచ్చుట.

క్రౌంచవధ సందర్భమున శ్లోకముగా పరిణమించిన శోకము మునియొక్క సొంత దుఃఖమని తలపరాదని అభినవగుప్తుడు లోచనమున హెచ్చరించెను. సొంత దుఃఖములో మునిగినవాడు దుఃఖించును గాని కావ్యము వ్రాయజాలడు. ఛందస్సు, మకుటము, సంఖ్య అనునవి ఆ దుఃఖమును ఆస్వాదయోగ్యము చేయు ఉపాయములు. కావున స్మృతికావ్యములను పరిశోధించు విద్యార్థి కవి యెంత యేడ్చెనో విచారింప బనిలేదు. ఆ శోకమునకు ఏ కట్టు కట్టెనో, ఆ కట్టులో అది ఎట్లు నిలిచెనో చూచిన చాలును.