స్లో పెరిగిందని బండి ఆపేస్తున్నారా?

డీజిల్ బండి బాగుందో లేదో చెవితో తేల్చే విద్య ఒకటుంది. విజయవాడ ఆటోనగర్‌లో తల నెరిసిన మెకానిక్కులకు అది కొట్టిన పిండి. బండి స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు విని, నాజిల్ కొడుతోందనో మౌంటింగులు పోయాయనో చెప్పేస్తారు. వాళ్ల దగ్గర నేర్చుకునే మొదటి పాఠం ఒకటే: ఇంజన్ స్లో, అంటే బండి ఖాళీగా ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, నిలకడగా ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా అది పెరిగిందంటే కేబుల్ పట్టేసి ఉండాలి, లేదా పంపులో తేడా వచ్చి ఉండాలి. ముందు బండి ఆపెయ్, తర్వాత చూద్దాం.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బళ్లు వచ్చాక ఈ పాఠానికి కాలం చెల్లింది. పాఠం పోయినా అలవాటు పోలేదు. ఈమధ్య ఎక్కిన ఓ క్యాబ్‌లో సిగ్నల్ దగ్గర ఆగాం. 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం ముల్లు 1000 దగ్గర నిలబడింది. ఏసీ తగ్గించినా కిందికి దిగలేదు. బయట రేడియేటర్ ఫ్యాను హోరు, లోపలికి కాస్త మాడు వాసన. డ్రైవర్ కుర్రాడు తాళం మీద చెయ్యి వేశాడు. “దానంతటదే రేస్ అవుతోంది సార్. ఓసారి ఆపి స్టార్ట్ చేస్తే సెట్ అయిపోద్ది.”

“వద్దు తమ్ముడూ, ఉండనీ,” అన్నాను. వాడు నావంక అదోలా చూశాడు. ఇంజన్ గురించి వెనక సీట్లోవాళ్లు చెబితే ఏ డ్రైవరైనా అలాగే చూస్తాడు.

అప్పుడు జరుగుతున్నది ఇదీ. ఈ బళ్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే పింగాణీ జల్లెడ ఉంటుంది. సన్నటి గొట్టాలు వరసగా పేర్చినట్టుంటుంది. ఒక గొట్టానికి ఈ చివర మూత, పక్కదానికి ఆ చివర మూత. పొగ సూటిగా పోలేక గోడల్లోని సూక్ష్మరంధ్రాల గుండా పక్క గొట్టంలోకి దూరుతుంది. మసి గోడకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. బీఎస్-4 డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల మసి దాకా వదలొచ్చు. బీఎస్-6 దాన్ని 4.5కు దించింది. సరిగా పనిచేస్తున్న బీఎస్-6 కారు సైలెన్సర్ గొట్టంలో, చల్లగా ఉన్నప్పుడే సుమా, వేలు పెట్టి తిప్పి చూడండి. దాదాపు శుభ్రంగా బయటికొస్తుంది. పాత బండిలో పెడితే కాటుక డబ్బాలో పెట్టినట్టే.

పట్టిన మసిని ఎక్కడికో పంపాలి కదా. కాల్చడమే దారి. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. స్లోలో ఉన్న డీజిల్ ఇంజన్ పొగ 150 డిగ్రీలు దాటడమే కష్టం. హైవే మీద బరువుతో వెళ్లేటప్పుడు కొంత మసి తనంతట తానే కాలిపోతుంది. ఊళ్లో తిరిగే బండికి ఆ యోగం లేదు. అందుకే కొన్ని వందల కిలోమీటర్లకోసారి, జల్లెడకు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసి, కంప్యూటరే పూనుకుంటుంది. సిలిండర్లో పేలుడు అయ్యాక, ఆలస్యంగా మరి కాస్త డీజిల్ చిమ్ముతుంది. అది శక్తినివ్వడానికి కాదు, పొగతో పాటు వెళ్లి ముందున్న క్యాటలిస్టులో మండి వేడి పుట్టించడానికి. పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై నిమిషాలు సాగే ఈ తంతే రీజనరేషన్. ఆ కాసేపు మైలేజీ అంకె పడిపోతుంది, సిగ్నల్లో ఆగితే తనే ఆగిపోయే స్టార్ట్-స్టాప్ పనిచెయ్యదు, స్లో పెరుగుతుంది.

స్లో పెరగడానికి ఇంకో కారణం ఉంది. చాలామందికి తెలియనిది అదే. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేటు ఊహించుకోండి. ఎనభైలో వస్తున్న బండిలో మసి భగభగా కాలుతోంది. క్యూ చూసి ఒక్కసారిగా బ్రేకు వేశారు. ఇంజన్ స్లోకి పడిపోయింది. డీజిల్ ఇంజన్ స్లోలో పీల్చే గాలిలో చాలాభాగం వాడకుండానే బయటికి పోతుంది, అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువ. మంటకు మేత దొరికింది, వేడిని మోసుకుపోయే గాలి ప్రవాహం మాత్రం తగ్గింది. ఆ వేడి జల్లెడలోనే పోగుపడితే వెయ్యి డిగ్రీలు దాటి పింగాణీ పగలొచ్చు, కరగొచ్చు. జల్లెడలు తయారు చేసేవాళ్లు ప్రయోగశాలలో పెట్టే పరీక్షల్లో కష్టమైనది ఇదే: మంట మీద ఉండగా ఇంజన్‌ను స్లోకి పడేయడం. అందుకే కంప్యూటర్ ఒకపక్క ఇన్‌టేక్ దగ్గర ఉన్న రేకు మూసి గాలి తగ్గిస్తుంది, ఇంకోపక్క స్లో పెంచి ప్రవాహం నిలబెడుతుంది. ఆ పెరిగిన రెండొందల ఆర్‌పీఎం రోగలక్షణం కాదు, కాపలా.

రీజనరేషన్‌ను మధ్యలో ఆపేస్తే ఆ ఒక్కసారికి ఏమీ కాదు. మసి అలాగే ఉంటుంది, తర్వాత కంప్యూటర్ మళ్లీ మొదలెడుతుంది. మళ్లీ ఆపేస్తే, మళ్లీ ఆపేస్తే, అప్పుడు మొదలవుతుంది కథ. ఆలస్యంగా చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే డీజిల్ కంపు. ఆయిల్ తగ్గితే భయపడటం మనకు తెలుసు, పెరిగితే భయపడాలన్నది కొత్త సంగతి. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఈలోగా మీటర్లో దీపం వెలుగుతుంది, దాన్నీ పట్టించుకోకపోతే పికప్ చచ్చిపోతుంది. ఇక వర్క్‌షాపులో స్కానర్ తగిలించి బలవంతంగా కాల్పించాలి. సీట్లో మనిషి లేకుండా, పెడల్ మీద కాలు లేకుండా, బండి ఆర్‌పీఎం తనే పెంచుకుని అరగంటసేపు అరుస్తుంది. ఆ వేడికి సైలెన్సర్ వెనక నిలబడలేం. ఎండు వరిగడ్డి మీద, కల్లాల పక్కన ఇలాంటి బండి ఆపొద్దని చెప్పడం అందుకే.

దీపం వెలిగాక చెయ్యాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చాలా మాన్యువళ్లు చెప్పేది ఒకటే: మంచి రోడ్డెక్కి, ఒక గేరు తక్కువలో, 2000 ఆర్‌పీఎం పైన, ఓ ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. హైదరాబాద్ వాళ్లకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉండనే ఉంది. ఆయిల్ మాత్రం బూడిద తక్కువ వదిలే రకమే పొయ్యాలి. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, జల్లెడలోనే పేరుకుంటుంది.

కొన్ని షెడ్లలో ఇంకో వైద్యం చేస్తున్నారు. జల్లెడ కోసి తీసేసి, కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేస్తామంటారు. పికప్ బాగుంటుందని ఊరిస్తారు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. బండి వెనక స్కూటీ మీద వచ్చేది మన పిల్లలే. ఆ షెడ్డు వైపు వెళ్లకండి.

ఏసీ వేసుకుని అపార్ట్‌మెంటు కింద అరగంట కూర్చోవడం, స్కూలు దాకా రెండు కిలోమీటర్లు పోయి రావడం, వారమంతా బండికి అదే పని అయితే ఏ మెకానిక్కూ ఏమీ చెయ్యలేడు. అలాంటి ఇంటికి డీజిల్ బండి దండగ. పెట్రోల్ కారు కొనుక్కోండి.