గుడారమునకు శత్రువు వాన కాదు

శంషాబాదు మీదుగా విమానముల మ్రోతయు ఉరుముల మ్రోతయు కలగలసి వినవచ్చు శ్రావణ దినములలో, అనంతగిరి కొండలలో రాత్రి గడుపుటకై వీపున మూటలతో బయలుదేరు యువజనులను చూచినప్పుడెల్ల, ఆ మూటలలోని గుడారము గడచిన వేసవి యంతయు ఎక్కడ పడియుండెనో అడుగవలెనని నాకు తోచును. ఏలయన, గుడారమును చెఱచునది తఱచుగా కొండమీది వాన కాదు, ఇంటిలోని అటక.

నేటి గుడారముల పైవస్త్రము సాధారణముగా నైలానుతో గాని పాలియెస్టరుతో గాని నేయబడి, లోపలి ముఖమున పాలీయురేథేన్ పూత కలిగియుండును. దానిపై 3000 మిల్లీమీటర్లని ముద్రించియున్నచో, మూడు మీటర్ల నీటిస్తంభపు ఒత్తిడిని ఆ వస్త్రము ఓర్చుకొనునని భావము. అట్టిదానిని ఒక్క రాత్రి వాన ఏమి చేయగలదు? కాని తడియారకమునుపే చుట్టి, సంచిలో కుక్కి, వైశాఖపు వేడికి కాగిన డాబా కప్పు క్రింద దాచినచో, తేమయు ఉష్ణమును జతగూడి ఆ పూతను అణువణువునను విడగొట్టును. మరుసటి యేడు విప్పబోవునప్పుడు మడతలు ఒకదానినొకటి పట్టుకొని విడువవు; పులిసిన వాసన వచ్చును; పూత వెల్లుల్లి పొట్టువలె రాలును. అప్పుడు దానిని పూర్తిగా తీసివేసి క్రొత్తది పూయుట తప్ప వేఱు మార్గము లేదు.

1687లో గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సేనలు వర్షాకాలమును సైతము డేరాలలోనే గడపెను. ఆనాటి నూలుగుడ్డ తడిసినపుడు దారములు ఉబ్బి, నేతలోని సందులను తామే కొంతవఱకు మూసికొనును. అయినను ఆరబెట్టనిచో బూజు పట్టక మానదు. వస్త్రము మాఱినది గాని ఈ నియమము మాఱలేదు.

2008లో విమానాశ్రయము తెఱచిన పిమ్మట ఈ ప్రాంతమున లేచిన అపార్టుమెంట్లకు పెరడు లేదు గనుక, నేను బాల్కనీ తీగపైననే గుడారమును వ్రేలాడదీసి, మధ్యమధ్య త్రిప్పివేయుచుందును. బురదను చన్నీటిలో ముంచిన స్పాంజితో తుడుతును. సబ్బుపొడిని, వాషింగ్ మెషీనును దాని దరికి రానీయను. ఎండ నైలాను బలమును హరించును గనుక నీడయే మేలు. ఆరిన పిమ్మట వదులైన నూలుసంచిలో, గాలి తగులు అలమరలో ఉంచుదును.

మృగశిర కార్తె ప్రవేశింపకమునుపే దానిని పట్టపగలు నిలిపి, లోపల కూర్చుండి కుట్లవెంబడి చూపు సారింతును. టేపు లేచినచోట సూదిరంధ్రముల గుండ వెలుతురు కనబడును. అచ్చట చిన్న కుంచెతో లేపనము పూసి, ఒక దినము ఆరనీయవలెను. సిలికాన్ పూసిన వస్త్రమునకు సిలికాన్ లేపనమే వాడవలెను, మఱియొకటి దానిపై నిలువదు. తెల్లవారుజామున లోపలి గోడలు చెమర్చుట చూచి కారినదని భ్రమపడువారు కలరు. అది పెక్కుసార్లు మన ఊపిరిలోని ఆవిరియే. గాలికి దారి విడిచిన చాలవఱకు తగ్గును.

తిరిగి వచ్చిన రాత్రి ఒడలు అలసియుండుట నిజమే. అయినను తడి గుడారమును విప్పి తీగపై వేయుటకు పట్టునది పావుగంట. ఆ పావుగంట ఓపిక లేనివానికి ఎంత వెలగల గుడారమైనను చిరకాలము దక్కదు.